పెరుగన్నంలో ఇరవై చుక్కలు

కిందటివారం రూతును ఫీనిక్స్‌లో కౌంటీ జైలు (మన జిల్లా జైలు అనుకోండి) గుమ్మం దగ్గర, పొద్దున్నే వంద డిగ్రీలు దాటిన ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పేజీలు అయిపోయాయి, ఏం చేయను! ఈ వారం ఆమెను లోపలికి తీసుకెళ్ళక తప్పదు. ఆమెకు మాత్రం వెళ్ళాలని లేదు.

కొత్తగా ఈ కథలో అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. రూతుది బాపట్ల. పదకొండేళ్ళుగా అమెరికాలో నర్సు ఉద్యోగం. భర్త జోసఫ్‌తో, కూతురు లూసీతో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటోంది. నాలుగేళ్ళ కిందట తల్లి పోయాక తమ్ముడు దేవకుమార్‌ను తన దగ్గరికి తెచ్చుకుంది. అతనికి ముప్పై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. ఒక అచ్చాఫీసులో పని చేస్తాడు, ఆదివారం తెలుగువాళ్ళ ప్రార్థన కూడికలో హార్మోనియం వాయిస్తాడు. ఒకరి జోలికి వెళ్ళే మనిషి కాదు. అలాంటివాడు ఆగస్టు మొదట్లో చాండ్లర్‌లోని ఒక పెద్ద కొట్లోకి వెళ్ళి, ఇరవై రెండు పెరుగు కప్పుల మూతలు తీసి, ఒక్కొక్క మూత కింద ఒక చీటీ పెట్టి, తిరిగి మూసి వచ్చాడు. "దయచేసి తినకండి. ఇందులో మందు కలిపారు" అని ఇంగ్లీషులో రాశాడు. అచ్చాఫీసు మనిషి కదా, అక్షరాలు చాలా పొందిగ్గా ఉన్నాయట.

ఇంకెప్పుడైనా అయితే కొట్టువాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టి పంపేవారేమో. కానీ కిందటేడే షికాగోలో ఎవరో మాత్రల్లో విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. అప్పటినుంచి ఈ దేశంలో జనానికి మూత చూస్తేనే భయం. దేవకుమార్‌ను సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. పెరుగు పరీక్షకు పంపితే అందులో ఏమీ దొరకలేదు. అయినా కేసు కేసే. రుజువైతే మూడేళ్ళ దాకా జైలు.

తప్పించుకునే దారి ఒకటే ఉంది. కౌంటీ కోర్టులో ఒక జడ్జి ఈ సంవత్సరమే కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి మనసుకు జబ్బు చేసినవాళ్ళు ఇలాంటి కేసుల్లో దొరికితే, జైలుకు బదులు వైద్యానికి పంపుతాడు. ఏడాదిపాటు కౌంటీవాళ్ళు ఇలాంటి రోగుల కోసం నడిపే ఇంట్లో, వాళ్ళ కనుసన్నల్లో ఉండాలి. మందులు వేసుకోవాలి. ఏడాది సవ్యంగా గడిస్తే కేసు కొట్టేస్తారు. అయితే ఒక షరతు. "నాకు జబ్బుంది, వైద్యం చేయించుకుంటాను" అని ఆ మనిషే జడ్జికి తన నోటితో చెప్పాలి.

దేవకుమార్ ఆ మాట చెప్పనంటే చెప్పనంటున్నాడు. విచారణ ఇవాళ మధ్యాహ్నం ఒకటిన్నరకి.

డాక్టర్ రాధారాణి వారానికి మూడు రోజులు ఆ జైలుకు వచ్చే మానసిక వైద్యురాలు. విజయవాడ మనిషి. మాటలో మొహమాటం తక్కువ. జైలు పక్కన ఆమెకిచ్చిన గది మన ఇళ్ళలో సామాన్ల గది అంత ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టాక మూడో మనిషికి చోటు లేదు.

"కూర్చోండి రూతుగారూ. కాఫీ ఉంది గానీ ఇవ్వను. ఇక్కడి కాఫీ తాగితే మీరు కూడా నా పేషెంట్ అయిపోతారు."

రూతుకు నవ్వు రాలేదు. రాధారాణి కూడా నవ్వలేదు, ఫైలు తెరిచింది.

"మీ తమ్ముడు నైన్టీన్ డేస్ నుంచి ఏం తింటున్నాడో తెలుసా? పెంకు తీయని ఉడకబెట్టిన గుడ్లు, ఆరెంజెస్, అరటిపళ్ళు. తొక్క ఉన్నదే ముట్టుకుంటాడు. తొక్కలోపలికి ఎవరూ ఏమీ కలపలేరు కదా డాక్టర్‌గారూ అంటాడు. పద్నాలుగు పౌండ్లు తగ్గిపోయాడు."

రూతు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బిగించి పట్టుకుంది.

"మీరేమో జైల్లో చేర్చుకున్నప్పటి ఇంటేక్ ఫారంలో ప్రీవియస్ హిస్టరీ నిల్ అని సైన్ చేశారు. నెర్వస్ వీక్‌నెస్ అని రాశారు. వీక్‌నెస్ ఏంటండీ? మీరు రిజిస్టర్డ్ నర్స్!"

"తొందరలో రాశానండీ."

"సరే. ఇది వినండి. నిన్న అతను తెలుగులో చెప్పింది, మాట పొల్లు పోకుండా రాసుకున్నాను." రాధారాణి కళ్ళజోడు సర్దుకుని చదివింది. "'ఇంట్లో పెరుగన్నం తింటున్నన్నాళ్ళూ నా చేతులు వణికేవి. మే నెలలో చర్చి క్యాంపుకని పది రోజులు వెళ్తే తగ్గింది. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలైంది. ఇందులో ఏమైనా కలుపుతున్నావా అక్కా అని అడిగాను. కొట్లో కొన్న పెరుగే, నేనేమీ కలపను అంది. మా అక్క అబద్ధం ఆడదు. అంటే కొట్లోనే అందులో మందు కలుస్తోందన్నమాట. చిన్నపిల్లలు తింటారు కదండీ, తెలిసి తెలిసి ఎలా ఊరుకుంటాను?'"

రాధారాణి కాగితం బల్ల మీద పెట్టింది.

"ఎంత పకడ్బందీగా ఉందో చూశారా?" అంది రాధారాణి. "దీన్నే మేం ఫిక్స్‌డ్ డెల్యూషన్, పాతుకుపోయిన భ్రమ అంటాం. లాజిక్‌లో ఎక్కడా లోపం ఉండదు. మొదలు ఒక్కటే తప్పుగా ఉంటుంది."

"మొదలు తప్పు కాదండీ," అంది రూతు.

"అంటే?"

"నేనే కలిపేదాన్ని."

ఈ ఒక్క మాట బయటపెట్టడానికి ఆమెకు ఎనిమిదేళ్ళు పట్టింది. పాఠకులు ఆమెను తిట్టుకునే ముందు ఆ ఎనిమిదేళ్ళ మొదలు కూడా వినాలి. నేనామెను వెనకేసుకు రావడం లేదు. నాకూ ఆమె మీద కోపంగానే ఉంది.

డెబ్బై నాలుగులో బాపట్లలో దేవకుమార్‌కు గొంతులు వినిపించడం మొదలైంది. గోడలు తనను పేరుపెట్టి పిలుస్తున్నాయని వీధిలోకి పరిగెత్తేవాడు. గుంటూరులో ఒక డాక్టరు పేరు పెట్టి మరీ చెప్పాడు, ఇది ఏళ్ళ తరబడి ఉండే జబ్బు, మందు మానకూడదు అని. దేవకుమార్ మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేసేవాడు. మరుసటేడు నవంబరులో రూతు నెల సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. రంగు, రుచి లేని చుక్కల మందు ఉంటుందని నర్సుగా ఆమెకు తెలుసు. ఆ డాక్టరుతో మందుచీటీ రాయించుకుంది. రాత్రి పెరుగన్నంలో ఇరవై చుక్కలు వేయడం తల్లికి నేర్పి, డిసెంబరులో తిరిగి విమానం ఎక్కింది. జనవరిలో పాస్టర్‌గారు ఇంటికొచ్చి దేవకుమార్ తల మీద చెయ్యి పెట్టి మూడు రోజులు ప్రార్థన చేశారు. అతను బాగుపడ్డాడు. ఊరంతా దేవుణ్ణి స్తుతించింది. ఏటా జనవరిలో దేవకుమార్ సంఘం ముందు నిలబడి, ప్రభువు తనను ఎలా స్వస్థపరిచాడో సాక్ష్యం చెప్పేవాడు. తల్లి పోయి అతను చాండ్లర్ వచ్చాక చుక్కలు వేయడం రూతు వంతైంది, మందు గుంటూరు నుంచి తెప్పించుకునేది. ఇక్కడా అతను సాక్ష్యం చెప్పాడు. విన్న ప్రతిసారీ రూతు తల వంచుకుని కూర్చునేది. పక్కవాళ్ళు భక్తి అనుకునేవారు.

రాధారాణి గొంతు హెచ్చింది.

"పంతొమ్మిది రోజులు! పంతొమ్మిది రోజుల నుంచి నేను ఆ మనిషి చెప్పే నిజాన్ని జబ్బు కింద రాస్తున్నాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని వింటున్నారు!"

"చెబితే వాడు ఇంక జన్మలో నా చేతి ముద్ద తినడండీ."

"ఇప్పుడు తింటున్నాడా?"

రాధారాణి ఫైల్లో ఒక పేజీ తిప్పింది.

"మరి మందు వేస్తుంటే మళ్ళీ ఎందుకు తిరగబెట్టింది?"

"చేతులు వణుకుతున్నాయి అక్కా అన్నాడు. అది ఆ మందు వల్లేనని నాకు తెలుసు. వణుకు తగ్గడానికి వేరే మందు కావాలి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మొత్తం చెప్పాలి. అందుకని జూన్‌లో నేనే స్టాప్ చేశాను. ఇన్నేళ్ళు బాగున్నాడు కదా, నిజంగానే తగ్గిపోయిందేమో అని..." రూతు ఆగిపోయింది. "తగ్గిపోవాలని ప్రార్థన చేశానండీ. నేను కూడా చేశాను."

రాధారాణి కోపం కాస్త దిగింది. లేచి, ఆ ఇరుకులోనే రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంది.

"వినండి. జబ్బుందని ఒప్పుకోవయ్యా అంటే అతను నాతో ఏమన్నాడో తెలుసా? ప్రభువు నన్ను బాగు చేశాడు, ఇప్పుడు జబ్బుందని చెబితే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు, జైలుకైనా పోతాను గానీ ఆ పని చేయను అన్నాడు. నాకు మీ చర్చి సంగతులు తెలీవు. కానీ మాట మీద అలా నిలబడే మనిషిని ఈ జైల్లో నేను చూడలేదు. నేను చెబితే నమ్మడు, ఇదంతా ఇంకో పెద్ద కుట్ర అనుకుంటాడు. మీరే చెప్పాలి, ఇప్పుడే. పదిన్నరకి విజిట్ బుక్ చేయిస్తాను."

రూతు లేచింది.

"ఇంకో మాట. ఈ మందు ఎనిమిదేళ్ళు పనిచేసిందన్న హిస్టరీ నా రిపోర్ట్‌లో రాయాలి, రాస్తాను. ఎవరు ఇచ్చారో మాత్రం నాకై నేను రాయను. ప్రిస్క్రిప్షన్ లేకుండా, మనిషికి తెలీకుండా నర్సు మందిచ్చిందని తేలితే మీ లైసెన్స్ పోతుంది. కేసు కూడా పెట్టొచ్చు. కోర్టులో నోరు విప్పకండి."

చూడటానికి వచ్చినవాళ్ళకు, ఖైదీకి మధ్య మందపాటి అద్దం. ఇటొక టెలిఫోను, అటొక టెలిఫోను. దేవకుమార్ నీలం చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. మెడ దగ్గర చొక్కా వదులుగా వేలాడుతోంది. అక్కను చూడగానే అతని ముఖం విప్పారింది. అదే రూతుకు భరించడం కష్టమైంది.

"లూసీకి స్కూల్ స్టార్ట్ అయిందా అక్కా? బావ ఎలా ఉన్నాడు? ఆ కొట్లో పెరుగు కొనడం మానేశారు కదా?"

"దేవా, నీతో ఒకటి చెప్పాలి. నేను చెప్పేదాకా ఫోన్ పెట్టేయకు."

"పెట్టను. చెప్పు."

ఆమె ఇంటినుంచి వస్తూ దారి పొడుగునా ఎన్నో మాటలు కూడబలుక్కుంది. జబ్బు గురించి, మెదడు గురించి, నర్సులు రోగులకు చెప్పే మాటలన్నీ. అవేవీ నోటికి రాలేదు.

"పెరుగులో ఏమైనా కలుపుతున్నావా అని అడిగావు. లేదన్నాను. అబద్ధం చెప్పాను దేవా. నేనే కలిపాను. కొట్టువాళ్ళు ఏమీ కలపలేదు. నీ జబ్బుకు మందది."

అద్దం అవతల ముఖంలో ఏమీ మారలేదు. విన్నాడో లేదో అనుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు చివరికి.

"మొదటినుంచీ."

"మొదటినుంచీ అంటే? ఇక్కడికొచ్చినప్పటి నుంచా?"

"డెబ్బై అయిదు నుంచి. నేను సెలవు మీద వచ్చాను చూడు, అప్పటి నుంచి."

దేవకుమార్ కళ్ళు మూసుకున్నాడు. లెక్క కడుతున్నాడని రూతుకు తెలుసు. చిన్నప్పుడు నోటి లెక్కలకు అలాగే కళ్ళు మూసుకునేవాడు.

"పాస్టర్‌గారు నాకోసం ప్రార్థన చేసింది జనవరిలో."

"అవును."

"అప్పటికే వేస్తున్నారా?"

"అయిదు వారాలైంది."

"నువ్వు డిసెంబర్లో వెళ్ళిపోయావు కదా. మరి ఎవరు..." అడుగుతూనే అతనికి జవాబు తెలిసిపోయింది. "అమ్మా?"

రూతు తలూపింది.

దేవకుమార్ ఫోను బల్ల మీద పెట్టేశాడు. పెట్టనని మాటిచ్చినవాడు పెట్టేశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. రూతు అద్దం మీద వేళ్ళతో తట్టింది. వెనకనున్న పోలీసు తట్టకూడదన్నాడు. ఒక నిమిషం గడిచింది, రెండో నిమిషం గడిచింది. ఇరవై నిమిషాలే ఇస్తారు అక్కడ.

అతను మళ్ళీ ఫోను తీశాడు.

"ఆ రోజు అమ్మ నా పక్కనే నిలబడింది అక్కా. హల్లెలూయ అని అందరికంటే గట్టిగా అమ్మే అంది."

"అమ్మ నటించలేదు దేవా. చుక్కలు లెక్కపెడుతూ ఒక్కొక్క చుక్కకీ ప్రభువా అనేదట. ఉత్తరంలో రాసింది నాకు. అమ్మకి మందూ ఆయన పంపిందే."

"అయితే నాకెందుకు చెప్పలేదు? మందు ఆయన పంపిందే అయితే, నాకు చెప్పి ఇవ్వడానికేం?"

తల్లీ కూతురూ భయపడ్డారు, అంతే. వీడు ఉమ్మేస్తాడని ఒక భయం, ఊళ్ళో తెలుస్తుందని ఒక భయం, బాగున్నవాణ్ణి ఎందుకు కదిలించాలని ఇంకో భయం. ప్రేమ ఉన్న ఇళ్ళలోనే ఈ పనులు జరుగుతాయి, ప్రేమ ఉందని చెప్పి సమర్థించుకుంటారు కూడా.

"ఏటా అందరి ముందూ నిలబడి చెప్పాను. ఇక్కడికొచ్చాక నువ్వు మొదటి వరసలో కూర్చుని విన్నావు," అన్నాడు దేవకుమార్. గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండునని రూతు అనుకుంది.

"విన్నాను. తప్పు చేశాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

అతను ఆ మాటను దాటేసి వేరే ఏదో ఆలోచిస్తున్నాడు. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చాలా మెల్లగా అన్నాడు.

"జూలై నుంచి గొంతులు మళ్ళీ వస్తున్నాయి అక్కా."

ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. రాధారాణితో కూడా.

"ఎవరితో చెప్పుకోను? స్వస్థత పొందినవాణ్ణి కదా. ఆయన ఇచ్చింది నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాను. ఏం పాపం చేశానో అని ఒక్కొక్కటే వెతుక్కున్నాను. అచ్చాఫీసులో ఒక పెన్ను తెచ్చేసుకున్నాను, దానికేమో అనుకున్నాను. మళ్ళీ వెళ్ళి పెట్టేసి వచ్చాను. అయినా ఆగలేదు."

"నువ్వేం చేయలేదురా నాన్నా," అంది రూతు, ఇంక ఏడుపు ఆపుకోలేక. "నేను చుక్కలు ఆపేశాను. అంతే జరిగింది. నువ్వే పాపమూ చేయలేదు."

దేవకుమార్ ముఖంలో ఏదో సడలింది. దాన్ని ఊరట అనాలో, దుఃఖం అనాలో నాకు తెలియదు. రెండూ కలిసి ఉంటాయి ఒక్కోసారి. పోలీసు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, టైమైపోయిందని.

"దాని పేరేంటి?" అన్నాడు లేస్తూ.

"దేని పేరు?"

"మందు పేరు. ఎనిమిదేళ్ళు తిన్నాను కదా, పేరైనా తెలియాలి కదా నాకు."

చెప్పింది. హాలోపెరిడాల్. అతను ఒకసారి పైకి అనుకుని, ఫోను దాని చోట పెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు. కోర్టులో ఏం చెబుతాడో ఆమెకు చెప్పలేదు.

ఒకటిన్నరకి పిలవాల్సిన పేరు రెండుంబావుకి పిలిచారు. కోర్టులో మాట్లాడిందంతా ఇంగ్లీషే, మనం తెలుగులో చెప్పుకుందాం. జడ్జి పెద్దవాడు, చెవులకు మిషను పెట్టుకుని, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ వైపు కుర్చీతో సహా తిరిగి వింటాడు. కౌంటీ ఇచ్చిన లాయరు దేవకుమార్ పక్కన నిలబడ్డాడు. వెనక బెంచీలో రాధారాణి, ఆమె పక్కన రూతు.

"మిస్టర్ దేవకుమార్," అన్నాడు జడ్జి. "ఈ గదిలో నేను అడిగేది ఒక్కటే, నిజం. నిజం చెప్పినవాళ్ళను మాత్రమే ఈ పద్ధతిలోకి తీసుకుంటాను. దాచిపెడితే మా డాక్టర్లు వైద్యం చేయలేరు. మీ లాయరు చెప్పమన్నాడని చెప్పకండి. మీకు జబ్బు ఉందని మీరు అనుకుంటున్నారా?"

"ఇవాళ పొద్దుటిదాకా అనుకోలేదు సర్. ఇప్పుడు అనుకుంటున్నాను."

"ఏం జబ్బు?"

"లేని గొంతులు నాకు వినిపిస్తాయి. ఇప్పుడు కూడా వినిపిస్తున్నాయి. దానికొక మందుంది. అది నాకు పనిచేస్తుంది. పేరు హాలోపెరిడాల్. నాకది ఇస్తే నా చేత్తో నేనే వేసుకుంటాను. ఆ కొట్టువాళ్ళు ఏ తప్పూ చేయలేదు. వాళ్ళకు క్షమాపణ చెప్పుకోవాలి."

రాధారాణి రూతు మోచేతిని గట్టిగా నొక్కింది. లాయరు తేలికపడ్డాడు. జడ్జి ముఖంలో మొదటిసారి మెత్తదనం కనిపించింది. కౌంటీ ఇంట్లో ఖాళీ ఉందా అని గుమాస్తాను అడిగాడు, ఉందన్నాడు. ఏడాది పాటు ఉండాలని, ఆదివారాలు ఇంటివాళ్ళు వచ్చి చూడొచ్చని జడ్జి చెప్పాడు.

"రావచ్చు సర్," అన్నాడు దేవకుమార్. "తినడానికి మాత్రం ఏమీ తేకూడదు."

అతను మామూలుగానే అన్నాడు. రూతు మాత్రం తనకు ఈ శాస్తి కావలసిందే అనుకుంది. అతను జైలుకు పోడు, బతికి బాగుపడతాడు, ఇంక తనకేం జరిగినా ఫరవాలేదు అనుకుంది.

అంతా అయిపోయినట్టే. జడ్జి సంతకం కోసం కలం తీశాడు. అప్పుడు సర్కారు తరఫు లాయరు లేచింది. చిన్నపిల్ల, పాతికేళ్ళు దాటి ఉండవు. ఆమెకు దేవకుమార్ మీద పగేమీ లేదు, కాగితాలు శ్రద్ధగా చదివింది, అంతే.

"యువర్ ఆనర్, డాక్టరు రిపోర్టులో ఎనిమిదేళ్ళు ఈ మందు మీద ఉన్నాడని ఉంది. ఎవరిచ్చారో లేదు. అరిజోనాలో ఏ డాక్టరు దగ్గరా ఇతని పేరు లేదు."

జడ్జి కుర్చీ దేవకుమార్ వైపు తిరిగింది. "ఎవరిచ్చేవారు మీకు?"

"మా అమ్మ," అన్నాడు దేవకుమార్.

"ఆవిడ ఎక్కడున్నారు?"

"లేరు సర్. బాపట్లలో, డెబ్బై తొమ్మిదిలో పోయారు."

"ఇది ఎనభై మూడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఎవరిచ్చారు?"

దేవకుమార్ వెనక్కి తిరగలేదు. ఒక్కసారి తిరిగి చూస్తే చాలు, గదిలో అందరికీ అర్థమైపోయేది. అది తెలిసే అతను తిరగలేదు.

"నాకు తెలియదు," అన్నాడు.

పెన్ను తెచ్చుకున్నందుకు నెలంతా కుమిలిపోయిన మనిషి అతను. దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేయలేనని జైలుకు సిద్ధపడ్డ మనిషి. అతని చెవులు ఎర్రబడటం వెనక బెంచీలోకి కూడా కనిపించింది. జడ్జికీ కనిపించింది. ఆయన కలానికి మూత పెట్టేశాడు.

"మిస్టర్ దేవకుమార్, మొదట నేనేం చెప్పానో గుర్తుందా? ఇప్పుడు మీరు చెప్పింది నిజం కాదని నాకు అనిపిస్తోంది. ఇలా అయితే మిమ్మల్ని తీసుకోలేను. మామూలు విచారణకు పంపవలసి వస్తుంది. ఇంకోసారి అడుగుతున్నాను."

దేవకుమార్ తల వంచుకున్నాడు. లాయరు అతని చెవిలో ఏదో గుసగుసలాడుతున్నాడు. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు.

రూతు లేచింది. రాధారాణి ఆమె చీరకొంగు పట్టుకుని లాగింది. "కూర్చోండి, ప్లీజ్, కూర్చోండి," అని పళ్ళ బిగువున అంది. కొంగు ఆమె చేతిలోంచి జారిపోయింది.

"యువర్ ఆనర్," అంది రూతు. "ఆ ఇచ్చినవాళ్ళు ఇక్కడే ఉన్నారు."

జడ్జి కుర్చీ ఆమె వైపు తిరిగింది. ఆమె తొడుక్కున్న నర్సుల తెల్ల బూట్లను, కట్టుకున్న చీరను చూశాడు. చాలా ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాడు, సంగతి పసిగట్టాడు.

"అమ్మా, ఆగండి. ఇంకొక్క మాట మాట్లాడితే అది రికార్డులోకి ఎక్కుతుంది. మీ పక్కన లాయరు లేడు. నేను మీ మంచికే చెబుతున్నాను."

దేవకుమార్ అప్పుడు తిరిగాడు. వద్దు అక్కా, అని కళ్ళతోనే బతిమాలాడు. పెరుగు సంగతి అడిగిన రోజు కూడా అతను అలాగే, ఆమె ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా, ఆమె ముఖంలోకి చూశాడు.

"రాసుకోమనండి," అంది రూతు.